నాలుగో గీత

"ఊర్లో చాటింపేసినాక ఆడకూతురు పొలిమేర దాటేదేందిమ్మే?" అంది పంకజాక్షి, చింతపండులో ఈనెలు తీస్తూ.

ఆ మాటకు లోకేశ్వరి దోసె తిప్పడం మరిచిపోయింది. మాడిన వాసన వచ్చాక తిప్పి, మాడినదాన్ని అలవాటుగా తన పళ్ళెంలోకి వేసుకుంది. మంగళవారం చెన్నైకి పోయి, తను కంప్యూటర్లో చేసిన పని చూపించి రావాలని అత్తకు చెప్పడానికి మూడు రోజులుగా మంచి సమయం కోసం చూసింది. ఆదివారం పొద్దున, మొగుడు ఇంట్లో ఉన్నప్పుడు, పంకజాక్షి కాఫీ తాగి తీరుబడిగా కూర్చున్నప్పుడు చెప్పింది. మంచి సమయం అనేది ఒకటి ఉంటుందని నమ్మడం ఆమెకు పుట్టింటి నుంచి వచ్చిన జబ్బు.

గంగజాతరకు చాటింపు వేశాక తిరుపతివాళ్ళు ఊరు విడిచి రాత్రి బయట ఉండకూడదంటారు. పగలు పని మీద పోయి, పొద్దు గూకేలోపల వచ్చేస్తే తప్పులేదనీ అంటారు. ఈ రెండో మాట మగవాళ్ళకు మాత్రమేనని కొర్లగుంటలోని ఆ ఇంట్లో ఎప్పుడు తీర్మానమైందో లోకేశ్వరికి తెలియదు. పన్నెండేళ్ళ కిందట ఆమె ఆ గడప తొక్కేనాటికే అలాంటి తీర్మానాలు చాలా అయిపోయి ఉన్నాయి.

"తెల్లారుజామున బస్సెక్కితే సాయంత్రానికి ఈడుంటానత్తా. పదకొండుకి పిలిచినారు, గంట పని."

"ఆఖరి మంగళవారం! అంబలి ఎవరు కాస్తారు? వచ్చేవాళ్ళకి ఆకులెవరేస్తారు? నా మోకాళ్ళు బాగుంటే నిన్నడిగేదాన్నా నేను?"

సుకుమార్ ఫోనులోంచి తలెత్తాడు. "నేను పోయొస్తాలేమ్మా. దాని తరపున నేను చూపిస్తా. ఏముండాది, బటన్ నొక్కితే అదే పరిగెత్తుతాది."

"ఆయన పొలిమేర దాటొచ్చా అత్తా?"

"వాడూ నువ్వూ ఒకటేనా?" అంది పంకజాక్షి. కోపంగా అనలేదు, తెలియని పిల్లకు చెప్పినట్టు అంది.

ఉన్నమాట చెప్పాలి. ఆ క్షణంలో లోకేశ్వరికి కోపం రాలేదు, మొగుడి మీద కృతజ్ఞత కలిగింది. అవకాశం పూర్తిగా పోకుండా ఏదో ఒక దారి దొరికింది కదా అనుకుంది. ఇంకో దోసె వేసి, దానికి నెయ్యి రాసి అతని పళ్ళెంలో పెట్టింది. ఆ నెయ్యి తలుచుకుంటే తర్వాత చాలా రోజులు ఆమెకు ఒళ్ళు మండేది.

ఇద్దరూ కంప్యూటర్ చదువే చదివారు. పెళ్ళినాటికి మార్కులు ఆమెకే ఎక్కువ. పెళ్ళిచూపుల్లో పంకజాక్షి ఆ సంగతి విని, "మంచిదే, పిల్లలకి పాఠాలు చెప్పుకుంటాది" అంది. పిల్లలు కలగలేదు. సుకుమార్ ఒక ఇంజనీరింగ్ కాలేజీలో అసిస్టెంట్ ప్రొఫెసర్. పీహెచ్‌డీకి దరఖాస్తు పెట్టాలని ఆమె అనుకున్న ఏడే అతను పెట్టాడు. "ఇంట్లో ఇద్దరూ పుస్తకాలు పట్టుకుంటే పొయ్యి ఎవరు పట్టుకుంటారు?" అని నవ్వాడు. నవ్వుతూ అన్నమాటకు ఏడవడం ఎలాగో ఆమెకు చేతకాలేదు. అతని సిద్ధాంతవ్యాసంలో రెండు అధ్యాయాలు ఆమె టైపు చేసింది. మూడో అధ్యాయం టైపు చేస్తూ చేస్తూ రాసింది కూడా. ముందుమాటలో 'నా శ్రీమతి సహనానికి' అని ఒక వాక్యం పడింది.

ఆమె ఒక ఆడపిల్లల డిగ్రీ కాలేజీలో తాత్కాలిక లెక్చరర్. ప్రతి జూన్‌లోనూ మళ్ళీ తీసుకుంటారో లేదో తెలియదు. స్టాఫ్ రూములో ఆమెకు కుర్చీ ఉంది కానీ అది ఎవరైనా రానప్పుడే ఖాళీగా ఉంటుంది. ఈ ఏడు ప్రిన్సిపాల్ ముందే చెప్పేశాడు, జూన్ తర్వాత ఆశ పెట్టుకోవద్దని. అందుకే సుకుమార్ తన కాలేజీ నుంచి తెచ్చి చదివి వినిపించిన ఆ చెన్నై ఉత్తరం ఆమెకు ప్రాణంలో ప్రాణమైంది. అక్కడొక విద్యాసంస్థ, పాఠం చెప్పడానికి కొత్త సాధనం తయారుచేసినవాళ్ళను పిలిచి చూస్తుంది. నచ్చితే రెండేళ్ళు ఆ పని మీదే ఉద్యోగం ఇస్తుంది. రెండేళ్ళు తన పని తాను చేసుకోవచ్చు, దాన్ని పని అని అందరూ ఒప్పుకుంటారు. లోకేశ్వరి కోరుకున్నది అంతే.

దరఖాస్తు సుకుమార్ నింపాడు. "నీది టెంపరరీ కాలేజీ, మా కాలేజీ అడ్రసు నుంచి పోతే విలువుంటాది" అన్నాడు. న్యాయంగానే అనిపించింది. సంతకం పెట్టమన్న చోట పెట్టింది. ఆ పూట ఇంటికి చుట్టాలు వచ్చి ఉన్నారు, పప్పు పొయ్యి మీద ఉంది, కాగితం చదవలేదు. క్లాసులో పిల్లలకు చదవకుండా దేని మీదా సంతకం పెట్టొద్దని చెప్పే మనిషి.

ఆ సాధనం కథ తిరుచానూరులో మొదలైంది. లోకేశ్వరి నాయన మునిరామయ్య అక్కడ ఒక లాడ్జిలో గుమాస్తా. బడి వదలగానే ఆమె పలక పట్టుకొని నాయన బల్ల పక్కన కూర్చునేది. అమ్మవారి దర్శనానికి వచ్చిన యాత్రికుడు ఎవరో మూటలు దించి, "రూము ఉందా?" అని అడిగేవాడు. నాయన రిజిస్టరు తిప్పేవాడు. రిజిస్టరు ఆరో నంబరు అనేది. అప్పుడు నాయన మేడమెట్ల వైపు మెడ చాచి, "గంగులమ్మా, ఆరు అయిందా?" అని అరిచేవాడు. పైనుంచి చీపురు చప్పుడు ఆగేది. "అయింది" అని వినబడితేనే తాళంచెవి చేతులు మారేది. వినబడకపోతే కింద అందరూ నిలబడాల్సిందే. యాత్రికులకు గుమాస్తా తెలుసు, తాళంచెవి తెలుసు. గంగులమ్మ ముఖం చూసినవాళ్ళు లేరు.

ఇరవై ఏళ్ళ తర్వాత క్లాసులో ప్రసన్నకుమారి అనే పిల్ల లేచి, "మేడం, ప్రోగ్రాం రాసిన వరస అర్థమైతాది గానీ, అది నడిచేటప్పుడు లోపల ఏం జరుగుతాండాదో కనబడదు" అంది. ఆబ్జెక్టులతో, అంటే తలా ఒక పని అప్పగించిన విడి భాగాలతో రాసే ప్రోగ్రాముల్లో కష్టం అదే. పని అంతా ఒకచోట జరగదు. ఒక ఆబ్జెక్టు ఇంకోదాన్ని అడుగుతుంది, అది మరోదాన్ని అడుగుతుంది, జవాబు మళ్ళీ అదే దారిన వెనక్కి రావాలి. కాగితం మీద ఇవి విడివిడి ముక్కలుగా పడి ఉంటాయి. లోకేశ్వరి నలుగురు పిల్లల్ని లేపి వరసగా నిలబెట్టింది. ఒకరు యాత్రికుడు, ఒకరు గుమాస్తా, ఒకరు రిజిస్టరు, ఒకరు గంగులమ్మ. చేతికి మల్లెల దారం ఇచ్చి, ఎవరు ఎవర్ని అడిగితే వాళ్ళకు అందించమంది. జవాబు చెప్పినవాళ్ళు దారాన్ని వెనక్కి లాగాలి. గంటలో క్లాసంతటికీ అర్థమైపోయింది. దారం చిక్కుపడి పిల్లలు పడీపడీ నవ్వారు.

ఆ దారాన్నే ఆమె తెర మీదికి ఎక్కించింది. ఏ ప్రోగ్రామునైనా అందులో వేస్తే, ఒక్కో ఆబ్జెక్టుకు ఒక్కో నిలువు గీత పుడుతుంది. పైన పేరు, కిందికి కాలం. ఒకటి ఇంకోదాన్ని అడగగానే గీతకూ గీతకూ మధ్య బాణం మెల్లగా కదిలిపోతుంది. జవాబు చుక్కల బాణమై తిరిగి వస్తుంది. నమూనాగా లాడ్జినే పెట్టింది. నాలుగు గీతలు. నాలుగోది గంగులమ్మ. దాని దగ్గర మాత్రం ఆమె కావాలనే ఒక ఏర్పాటు చేసింది. బాణం నాలుగో గీతను తాకగానే బొమ్మ మొత్తం ఆగిపోతుంది. ఎందుకు ఆగిందో చూసేవాడు వెతుక్కోవాలి. గుమాస్తా దగ్గర కాదు, రిజిస్టరు దగ్గర కాదు, చివరి దాకా వచ్చి గంగులమ్మ గీత మీద వేలు పెట్టి నొక్కితే, 'అయింది' అని జవాబు బయల్దేరి వరసగా అందరినీ విడిపిస్తుంది. ముందున్న ఆబ్జెక్టులు ఎంత హడావిడి చేసినా చివర ఒకరి మాట కోసం కాచుకొని ఉంటాయన్నది అందులో పాఠం. దీనికి ఆమెకు పద్నాలుగు నెలలు పట్టింది. రోజూ పొద్దున కుక్కరు మూడు విజిళ్ళు వేసేలోపు ఎంత రాస్తే అంత.

సోమవారం సుకుమార్‌ను కూర్చోబెట్టి చూపించబోయింది. అతను మూడో బాణం దాకా చూశాడు. నడుమ ఎవరో ఫోను చేస్తే మాట్లాడాడు.

"ఇంకా ఉండాది, చివర్లోనే అసలైంది" అంది లోకేశ్వరి.

"అర్థమైందిలేవే. ఈ పాఠం నేను పదేళ్ళుగా చెప్తాండా. ఆ నీలం చొక్కా ఇస్త్రీ చేసినావా?"

చేసింది. ల్యాప్‌టాప్ సంచిలో పెట్టింది, దాని వైరు పెట్టింది, పులిహోర డబ్బా పెట్టింది. వాళ్ళు అడగదగ్గ ప్రశ్నలు, వాటికి జవాబులు రెండు పేజీలు రాసి మడిచి సంచి పై అరలో పెట్టింది. మంగళవారం ఇంకా చీకటి ఉండగానే అతను పుత్తూరు మీదుగా పోయే బస్సెక్కాడు.

ఆ రోజు ఇల్లు ఇల్లుగా లేదు. గుమ్మానికి వేపమండలు, వీధిలో డప్పులు, లోపల అంబలి గుండిగ. లోకేశ్వరి ఆకులు వేసింది, తీసింది, మళ్ళీ వేసింది. "లోకా, ఉల్లిగడ్డలు." "లోకా, చెంబు యాడ పెట్టినావు?" "ఏమ్మే, వాళ్ళకి మజ్జిగ పొయ్యలా?" పదకొండు దాటినప్పటి నుంచి ఆమె చూపు గోడ గడియారం మీదే ఉంది. ఇప్పుడు మొదటి బాణం కదిలి ఉంటుంది అనుకుంది. ఇప్పుడు వాళ్ళు ముందుకు వంగి చూస్తుంటారు. ఆ గదిలో తను లేకపోయినా తను చేసింది ఉంది కదా అని గంటె తిప్పుతూ ఒకసారి నవ్వుకుంది కూడా.

పదకొండూ నలభైకి ఫోను మోగింది.

"లోకా, నీ బొమ్మ చెడిపోయింది." సుకుమార్ గొంతు తగ్గించి మాట్లాడుతున్నాడు. వెనక వరండా తాలూకు గాలి చప్పుడు. "నడస్తా నడస్తా నాలుగో గీత కాడ ఇరుక్కుపోయింది. రెండుసార్లు ఆపి మళ్ళీ పెట్టినా. మళ్ళీ ఆడికే వచ్చి ఆగుతాండాది. ఏదో చిన్న లోపం, సరిచేసి వస్తానని బయటికొచ్చినా. బిరీన చెప్పు."

లోపమట. లోకేశ్వరి గంటె పక్కన పెట్టింది. పద్నాలుగు నెలల పనిలో తను అన్నిటికన్నా ఇష్టపడి చేసిన ముక్క అది. ఐదుగురు పెద్దల ముందు దాన్ని లోపం అని చెప్పి వచ్చాడు. సంచి పై అరలో తను రాసి పెట్టిన పేజీలు విప్పనే లేదు.

"అది చెడిపోలేదండీ. అట్లనే ఆగాల. మీరు ఫోను తీసుకుపోయి వాళ్ళకియ్యండి, నేను చెప్తా. రెండు నిమిషాలు."

"వాళ్ళకా?"

"ఊఁ. ఎందుకు ఆగిందో నేను చెప్తే వాళ్ళకే అర్థమైతాది."

అతను అడిగాడు, నిజంగా తెలియకే అడిగినట్టు: "ఎవరని చెప్పమంటావు?"

పెళ్ళయిన పన్నెండేళ్ళలో ఆమెను గాయపరచిన మాటలు చాలా ఉన్నాయి. అవి అన్నవాళ్ళకు అవి గాయమని తెలుసు. ఈ మాట వేరు. దరఖాస్తులో ఎవరి పేరు ఉందో, ఆ గదిలోకి అతను ఎవరుగా అడుగుపెట్టాడో, ఇప్పుడు ఇంటి నుంచి మాట్లాడే ఆడమనిషిని ఏమని పరిచయం చేస్తే తన పరువు నిలుస్తుందో, అన్నీ ఆ రెండు మాటల్లో ఉన్నాయి.

"రాసింది నేనని చెప్పండి" అంది మెల్లగా.

"ఏమే, ఇప్పుడా ఈ గొడవ? ఇంటికొచ్చినాక మాట్లాడుకుందాం. నువ్వేం చెయ్యాలో చెప్పు. లోపల కూర్చోనుండారు అందరూ."

చెప్పడం ఎంతసేపు? గంగులమ్మ గీత మీద నొక్కండి. నాలుగు మాటలు. నాలుక చివర ఉన్నాయి. చెబితే అతను లోపలికి పోతాడు, నొక్కుతాడు, చుక్కల బాణాలు వరసగా వెనక్కి పరిగెడతాయి, చప్పట్లు మోగుతాయి. సాయంత్రం ఇంటికి సంతోషంగా వస్తాడు. రెండేళ్ళు అతనికి ఉద్యోగం, ఆమెకు ఎప్పటిలా కుక్కరు విజిళ్ళ మధ్య ఆ ఉద్యోగం తాలూకు పని. ముందుమాటలో సహనానికి ఇంకో వాక్యం.

"అంబలి అడుగంటుతాండాది" అని ఫోను పెట్టేసింది.

నిజంగానే అడుగంటుతోంది. పోయి కలియబెట్టింది. ఫోను మళ్ళీ మోగింది. పంకజాక్షి వసారా నుంచి, "ఆ ఫోనెత్తవేమ్మే, వాడేమో!" అంది. మూడోసారి మోగి ఆగింది. లోకేశ్వరి చేతులు కడుక్కొని, పడగ్గదిలోకి పోయి, తలుపు దగ్గరికి వేసింది. చెన్నై సంస్థ ఈమెయిల్ చిరునామాకు తన ఫోనులోనే రాయడం మొదలుపెట్టింది. రెండుసార్లు కొట్టేసి మళ్ళీ రాసింది. తన పేరు రాసింది. మీరు చూస్తున్నది నేను చేశాను అని రాసింది. అది ఆగింది లోపం వల్ల కాదు, నాలుగో గీత మీద నొక్కండి, ఎందుకు అలా పెట్టానో మీకే తెలుస్తుంది అని రాసింది. పద్నాలుగు నెలల నుంచి దాచిన కాపీలు, తేదీలతో సహా, జత చేసింది. మొగుడి గురించి చెడ్డగా ఒక్క మాటా రాయలేదు. రాయడానికి చోటు చాల్లేదని కాదు, ఆ ఉత్తరం తన గురించి కాబట్టి. పంపి, బయటికొచ్చి, ఆఖరి పంక్తికి ఆకులు వేసింది.

మూడు గంటలకు జవాబొచ్చింది. మర్యాదగా ఉంది. మీ వివరణ చూశాము, మీరు పంపిన కాపీలో నాలుగో గీత మీద నొక్కి చూశాము, అది మాలో ఒకరిని చాలాసేపు ఆలోచింపజేసింది అని ఉంది. ఆ వాక్యం దగ్గర ఆమెకు కళ్ళు నిండాయి. కింద ఇంకా ఉంది. దరఖాస్తులో ఒక పేరు, ప్రదర్శనలో ఆ పేరే, ఇప్పుడు మరో పేరు. ఆ కాగితం మీద సహాయకురాలిగా మీ సంతకం కూడా ఉంది. కర్తృత్వం గురించి వివాదం ఉన్న పనిని మా నియమాల ప్రకారం పరిశీలించలేము. ఈ ఏటికి దీన్ని పక్కన పెడుతున్నాము.

లోకేశ్వరి దాన్ని మూడుసార్లు చదివింది. సహాయకురాలు. ఆ రోజు పప్పు మాడుతుందని చదవకుండా పెట్టిన సంతకం. పడగ్గదిలోకి పోయి తలుపు దగ్గరికి వేసింది. తలుపు అవతల ఎవరో మంచినీళ్ళు అడుగుతున్నారు. ఏడవడానికి కూడా ఒక గది కావాలి, ఆ గదికి లోపల గడియ కావాలి. ఆ ఇంట్లో పడగ్గదికి గడియ ఊడిపోయి రెండేళ్ళయింది.

సుకుమార్ ఐదింటికి వచ్చాడు. అతనికి ఆ జవాబు సంగతి తెలియదు. "ఏదో సర్దిచెప్పి బయటపడినా" అన్నాడు చెప్పులు విడుస్తూ. "వారంలో చెప్తారంట. నువ్వు ఫోను కట్ చేసినందుకు నాకెంత తలవంపులైందో తెల్సునా?" అంతకుమించి అనడానికి వ్యవధి లేదు. ఇంటి నిండా ఆడవాళ్ళు ఉన్నారు. చెన్నై పని సవ్యంగా కావాలని, కొడుకు చేత ఆడవేషం కట్టిస్తానని పంకజాక్షి గంగమ్మకు మొక్కుకుంది. ఫలితం తేలకపోయినా, జాతర ఆ రోజుతో ముగుస్తుంది కాబట్టి ఆ మొక్కు తీర్చాల్సింది ఆ సాయంత్రమే. మగవాళ్ళు చీరలు కట్టుకొని, పూలు ముడుచుకొని వీధుల్లో నడిచి గుడికి పోవడం ఆ జాతరలో ఆచారం.

పక్కింటి వరలక్ష్మమ్మ గాజులు తెచ్చింది. పంకజాక్షి తన పెళ్ళినాటి హారం తీసింది. చీర కట్టడం ఎవరి పనో ఎవరూ అడగలేదు. సుకుమార్ నడుముకు లంగా బిగించుకొని, రెండు చేతులూ పక్కలకు చాచి గది మధ్యలో నిలబడ్డాడు. లోకేశ్వరి చీర అంచు దోపి చుట్టూ తిరిగింది. ఆడవాళ్ళు నవ్వుతున్నారు, "సూడు సూడు, ఎంత కళగా ఉండాడో" అంటున్నారు. ఎవరో మంచినీళ్ళు తెచ్చి అతని నోటికి అందించారు, చీరకట్టు చెదురుతుందని. పన్నెండేళ్ళలో చీర కట్టుకున్న మనిషికి ఆ ఇంట్లో ఎవరైనా నీళ్ళు అందించడం లోకేశ్వరి చూడటం అదే మొదలు.

ఆమె మోకాళ్ళ మీద కూర్చొని కుచ్చిళ్ళు పోసింది. ఏడు పోసి, సమంగా సర్ది, పట్టుకొని లేచింది. ముఖాలు దగ్గరకొచ్చాయి.

"వాళ్ళకి ఉత్తరం రాసినాను" అంది, అతనికి మాత్రమే వినబడేటట్టు. "చేసింది నేనని. మన దరఖాస్తు కొట్టేసినారు. మధ్యాన్నమే జవాబొచ్చింది."

అతని ముఖంలో రంగు మారింది. చేతులు దించబోయాడు. "కదలొద్దు నాయనా, గాజులు పగులుతాయి" అని తల్లి కసిరింది. వరలక్ష్మమ్మ అతని తలలో పూలు గుచ్చుతోంది. అరవడానికి వీల్లేక పళ్ళ సందు నుంచి అడిగాడు.

"నీకేమైనా పిచ్చా? ఏమొచ్చింది నీకు? ఉన్నది కూడా పోయె కదే!"

లోకేశ్వరి కుచ్చిళ్ళు దోపింది, పిన్నీసు పెట్టింది, వెనక్కి జరిగి అంచు నేలకు సమంగా ఉందో లేదో చూసింది.

"పోయింది" అంది. "పోయింది నాదని వాళ్ళకి తెలిసినాకనే పోయింది."